హైడ్రోపోనిక్స్ ట్యాంకులో పీహెచ్ ఎంత ఉండాలి, దించినా మళ్లీ ఎందుకు పెరుగుతోంది?

ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో చెప్పుకుంటాను. హైదరాబాదులో డాబా మీద ఎన్‌ఎఫ్‌టీ గొట్టాలు (మట్టి లేకుండా, పోషకాలు కలిపిన నీరు వేర్ల కింద పలచగా పారేవి) పెట్టారు. కింద 100 లీటర్ల ట్యాంకు, అందులో బోరు నీరు. గొట్టాల్లో లెట్యూస్, పాలకూర, బేసిల్. అదే ట్యాంకు నుంచి రెండు బకెట్ల టొమాటోకు కూడా నీరు వెళుతోంది. బోరు నీటి పీహెచ్ (నీటి ఆమ్లత్వాన్ని చెప్పే అంకె; అంకె తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువ) 7.8. రోజూ పొద్దున ఫాస్ఫారిక్ ఆమ్లం వేసి 5.8కి దించుతున్నారు, మర్నాటికి అది 7.4కు చేరుతోంది. ఎరువుగా 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ తలా 19 శాతం ఉండేది), దాంతోపాటు షాపువాళ్లు ఇచ్చిన సూక్ష్మపోషకాల పొడి. లెట్యూస్ లేత ఆకులు పసుపు తిరుగుతున్నాయి. ఒకరు 5.5 అన్నారు, ఇంకొకరు 6.5 అన్నారు, మరొకరు 7 ఉన్నా ఫర్వాలేదన్నారు. ఎవరి మాట వినాలి అని మీ ప్రశ్న.

అంకె కావాలంటే ఇప్పుడే చెబుతాను. మీ మొక్కలన్నీ ఒకే ట్యాంకు మీద ఉన్నాయి కాబట్టి 5.8 దగ్గర మొదలుపెట్టండి, 6.3 దాటితే దించండి, 5.5 కంటే కిందికి పోనివ్వకండి. కానీ ఈ అంకెతో మీ చిక్కు తీరదు. మీరు రోజూ 5.8కి తెస్తూనే ఉన్నారు కదా. అది అక్కడ నిలవకపోవడమే అసలు సమస్య. దానికి కారణం మీ బోరు నీటిలోని ఆల్కలినిటీ, అంటే పోసిన ఆమ్లాన్ని మింగేసే గుణం. రెండో కారణం మీరు వేస్తున్న ఎరువు. ఈ రెండూ తేలకుండా పీహెచ్ అంకె గురించి వాదించుకోవడం వృథా.

ముందుగా హైడ్రోపోనిక్స్‌కు మామూలుగా చెప్పే ఆ 5.5–6.5 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. మొక్క వేరుకు పీహెచ్ అంకెతో నేరుగా పెద్ద పట్టింపు లేదు. 1942లో కాలిఫోర్నియాలో ఆర్నన్, జాన్సన్ అనే శాస్త్రవేత్తలు లెట్యూస్, టొమాటో, బెర్ముడా గడ్డిని 3 నుంచి 9 వరకు వేర్వేరు పీహెచ్‌లున్న పోషక ద్రావణాల్లో పెంచి చూశారు. 3 దగ్గర మొక్కలు నిలవలేదు, 9 దగ్గర పెరుగుదల బాగా పడిపోయింది. మధ్యలో 4 నుంచి 8 వరకు, పోషకాలు అందుతున్నంత కాలం మొక్కలు ఎదిగాయి. అంటే మీకు 7 అయినా ఫర్వాలేదు అని చెప్పినవారిది పూర్తిగా తప్పు కాదు. అయితే ‘పోషకాలు అందుతున్నంత కాలం’ అన్న షరతును వాళ్లు మరిచిపోయారు. ప్రయోగశాలలో ద్రావణాన్ని ఎప్పటికప్పుడు సరిచూసుకుంటూ ఉంటారు. మన ట్యాంకులో పీహెచ్ పెరిగేకొద్దీ ఇనుము, మాంగనీసు, భాస్వరం నీటిలోంచి ఒక్కొక్కటే జారిపోతాయి. భాస్వరం కాల్షియంతో కలిసి అడుగున తెల్లటి మడ్డిగా పేరుకుంటుంది. ట్యాంకు కడిగేటప్పుడు వేలికి పిండిలా తగిలే ఆ తెల్లని పొర చాలామటుకు మీరు డబ్బు పెట్టి కొన్న ఎరువే. పీహెచ్ 5 కంటే కిందికి పోతే ఇబ్బంది మరో రకం. కాల్షియం, మెగ్నీషియం పీల్చుకోవడం మందగిస్తుంది, వేరు కొనలు దెబ్బతింటాయి. ఈ రెండు ఇబ్బందులకూ దూరంగా ఉండే చోటు 5.5–6.5. అందులో 5.8కి 5.9కి తేడా వెతకనక్కర్లేదు. మన చేతిలో ఉండే పెన్ను మీటర్లు అంత కచ్చితంగా చెప్పవు కూడా.

పీహెచ్ కొలమానంలో ఒక అంకె తేడా అంటే ఆమ్లత్వంలో పది రెట్ల తేడా. 5.8కి 7.8కి మధ్య తేడా వంద రెట్లు. అయినా మీకు పనికొచ్చే సంగతి ఇందులో లేదు. పీహెచ్ అనేది ఈ క్షణాన నీరు ఎలా ఉందో చెబుతుంది. దాన్ని మార్చడానికి ఎంత ఆమ్లం పడుతుందో చెప్పదు. చారు నాలుక మీద వేసుకుంటే పులుపు చాలిందో లేదో తెలుస్తుంది గానీ గిన్నెలో ఇంకా ఎంత చింతపండు పిండాలో తెలియదు. అది గిన్నె పరిమాణాన్ని బట్టి ఉంటుంది. ఆ గిన్నె పరిమాణమే ఆల్కలినిటీ. రెండు బోర్ల నీరు రెండూ 7.8 చూపించవచ్చు. ఒకదాన్ని దించడానికి 100 లీటర్లకు 10 మిల్లీలీటర్ల ఆమ్లం చాలు, రెండోదానికి 40 కావాలి. మీటరు ఈ తేడా చూపించదు.

తెలంగాణలో ఎక్కువ భాగం గ్రానైటు రాతి నేల. పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీరు రాయిని కొద్దికొద్దిగా కరిగించుకుని, ఆల్కలినిటీకి మూలమైన బైకార్బొనేటు నింపుకుంటుంది. తాగునీటి భారతీయ ప్రమాణంలో ఆల్కలినిటీ 200 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) వరకు ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేకపోతే 600 వరకు అనుమతి. అంటే తాగడానికి పనికొచ్చే నీరు కూడా మనకు తలనొప్పి తేగలదు. ఇక్కడి బోర్లలో 300 పీపీఎం కనిపించడం వింతేమీ కాదు కాబట్టి, మీ నీటిదీ 300 అనుకుని లెక్క వేద్దాం. (కాల్షియం కార్బొనేటు లెక్కన చెప్పే అంకె ఇది; పరీక్ష రిపోర్టులో ‘టోటల్ ఆల్కలినిటీ’ అని ఉండే వరుస.)

ప్రతి 50 పీపీఎం ఆల్కలినిటీకి లీటరుకు 1 మిల్లీ ఈక్వివలెంట్ (ఆమ్లానికున్న తటస్థం చేసే శక్తిని లెక్కించే కొలత) ఆమ్లం కావాలి. 300కు 6. మీ 100 లీటర్లకు 600. 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లంతో అయితే సుమారు 40 మిల్లీలీటర్లు. ఇప్పుడు మీ ట్యాంకులో రోజూ జరుగుతున్నది చూడండి. ఆమ్లం పోయగానే బైకార్బొనేటు కార్బన్ డయాక్సైడుగా మారుతుంది. అది వెంటనే గాలిలోకి పోదు, సోడా నీటిలో ఉన్నట్టు నీటిలోనే ఉంటుంది, పీహెచ్‌ను కిందికి లాగి పట్టుకుంటుంది. అందుకే కావలసిన ఆమ్లంలో ముప్పావు వంతు పడేసరికే మీటరు 5.8 చూపిస్తుంది. మీరు సరిపోయిందనుకుని ఆపేస్తారు. ఆ తర్వాత మోటారు నీటిని గొట్టాల్లో తిప్పుతుంది, పై నుంచి ట్యాంకులోకి ధారగా పడేస్తుంది. కార్బన్ డయాక్సైడు వెళ్లిపోతుంది. మిగిలిన పావు వంతు బైకార్బొనేటు పీహెచ్‌ను మళ్లీ పైకి తోస్తుంది. పొద్దున లేచేసరికి 7.4. మొక్కలు చేసిందేమీ లేదు, మీటరు చెడిపోలేదు, ఆమ్లం నకిలీదీ కాదు.

దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు. మొక్కల ట్యాంకులో కాదు, వేరే బకెట్లో. 10 లీటర్ల బోరు నీరు తీసుకోండి. ఎరువు వేయకండి. ఆమ్లాన్ని ముందు ఒక లీటరు నీటిలో పలచన చేసి పెట్టుకోండి, సిరంజితో కొంచెం కొంచెంగా వేస్తూ 5.8కి తీసుకురండి. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో రాసుకోండి. బకెట్ గోడలకు సన్నటి బుడగలు అంటుకోవడం మీకే కనిపిస్తుంది. అక్వేరియం గాలి రాయి ఒకటి అందులో వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున పీహెచ్ చూడండి, పెరిగి ఉంటుంది. మళ్లీ 5.8కి దించండి, మళ్లీ రాసుకోండి. పొద్దుటి రీడింగు 6.2 దాటకుండా నిలిచే వరకు చేయండి. మొత్తం ఎంత పడిందో అదే మీ నీటికి అసలు మోతాదు, దాన్ని పదితో హెచ్చిస్తే ట్యాంకు లెక్క. చేపల తొట్టెలవాళ్ల దగ్గర దొరికే ‘కేహెచ్’ చుక్కల కిట్ కూడా పనికొస్తుంది, అది కొలిచేది ఆల్కలినిటీనే. ఎక్కువ కిట్లలో ఒక చుక్క దాదాపు 18 పీపీఎంకు సమానం. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలల్లోనూ, ప్రైవేటు ల్యాబుల్లోనూ పరీక్ష చేయిస్తే కాల్షియం, సోడియం, క్లోరైడు కూడా తెలుస్తాయి కాబట్టి ఒక్కసారైనా అది చేయించడం మేలు.

ఇక ఏ ఆమ్లం అన్నది. పై లెక్కలో 40 మిల్లీలీటర్ల ఫాస్ఫారిక్ అన్నాను కదా, ఆ 40 మిల్లీలీటర్లు 100 లీటర్ల నీటిలో దాదాపు 180 పీపీఎం భాస్వరం చేరుస్తాయి. లెట్యూస్‌కు 40–50 పీపీఎం చాలు. పైగా మీరు 19:19:19 రూపంలో మరికొంత భాస్వరం వేస్తున్నారు. భాస్వరం ఇంత ఎక్కువైతే జింకు, ఇనుము సరిగా అందవు, కాల్షియంతో కలిసి మడ్డి కడుతుంది. ఫాస్ఫారిక్ ఆమ్లం మంచిదే, కానీ ఆల్కలినిటీ 100 పీపీఎం లోపు ఉన్న నీటికి. 300 ఉన్న నీటిని దానితో మాత్రమే దించడం సరికాదు.

పెద్ద పాలీహౌసులవాళ్లు ఇలాంటి నీటికి నైట్రిక్ ఆమ్లం వాడతారు. 300 పీపీఎం ఆల్కలినిటీ తీర్చే నైట్రిక్ ఆమ్లం లీటరుకు 84 మిల్లీగ్రాముల నత్రజని ఇస్తుంది, ఆ మేరకు ఎరువులో నైట్రేటు తగ్గించుకుంటారు. లెక్క బాగుంటుంది గానీ ఇంటి డాబా మీదికి దాన్ని నేను సిఫారసు చేయను. పొగలు వస్తాయి, చర్మం మీద పడితే పసుపుపచ్చ మచ్చతో కాలుతుంది. పిల్లలు తిరిగే చోట అది ఉండకూడదు. ఆమ్లాల చిల్లర అమ్మకం మీద 2013లో సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టింది. అమ్మేవారు గుర్తింపు కార్డు చూసి, వివరాలు రాసుకుని అమ్మాలి, 18 ఏళ్లు నిండనివారికి అమ్మకూడదు. బాత్రూములు కడిగే యాసిడ్ గురించి కొందరు సలహా ఇస్తారు, వినకండి. క్లోరైడు చేరుతుంది, అందులో ఇంకేమి కలిశాయో సీసా మీద ఉండదు.

కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, ఒకటి రెండు రోజులు పనిచేస్తుంది. తర్వాత నీటిలోని సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి, పీహెచ్ తిరిగి పైకి వస్తుంది, గొట్టాల్లో జిగురు పట్టడం మొదలవుతుంది. వెనిగర్, నిమ్మరసం కూడా అంతే. చిన్న పరీక్షకు వాడుకోండి, నడిచే ట్యాంకుకు వద్దు.

మీలాంటి 100 లీటర్ల ట్యాంకుకు నా మాట: ఆమ్లంతో యుద్ధం మానేసి నీటిని మార్చండి. ఇంట్లో ఆర్‌ఓ ఉంటే ఆ నీరు 85 లీటర్లు, బోరు నీరు 15 లీటర్లు కలపండి. ఆల్కలినిటీ 300 నుంచి 45కు వస్తుంది. దాన్ని తీర్చడానికి 6 మిల్లీలీటర్ల ఫాస్ఫారిక్ చాలు, దానితో వచ్చే భాస్వరం 28 పీపీఎం, ఎరువు లెక్కలో కలుపుకోవచ్చు. వానాకాలంలో డాబా నీరు పట్టుకోగలిగితే ఇంకా మంచిది, మొదటి వాన నీరు వదిలేసి రెండో వాన నుంచి పట్టండి. కుళాయికి కృష్ణా, గోదావరి నీళ్లు వస్తుంటే వాటికీ కేహెచ్ పరీక్ష చేయండి, నది నీటిలో సాధారణంగా బోరు నీటికంటే ఆల్కలినిటీ తక్కువ. క్లోరిన్ పోవడానికి ఒక రోజు మూత తీసి ఉంచండి.

మొత్తం ఆర్‌ఓ నీరే పోస్తే కాదా అని అడుగుతారు. అందులో ఆల్కలినిటీ దాదాపు సున్నా. పట్టి ఆపేదేమీ లేదు కాబట్టి నాలుగు చుక్కల ఆమ్లానికే పీహెచ్ 4.5కు పడిపోతుంది, మొక్కలు కొంచెం పీల్చగానే మళ్లీ ఎగురుతుంది. ఆ కొద్దిపాటి బోరు నీరు ట్యాంకుకు నిలకడ ఇస్తుంది. ఎరువు కలపని ఆర్‌ఓ నీటిలో మీటరు పెట్టి అంకె తిరుగుతోందని కంగారు పడకండి, అయాన్లు లేని నీటిలో ఏ మీటరూ స్థిరంగా చూపదు. ఎరువు కలిపాకే కొలవండి.

సముద్ర తీరం దగ్గర ఉన్న బోర్లవారికి ఒక మాట, మీకు కాదు. అక్కడ నీటిలో సోడియం ఎక్కువగా ఉంటుంది. పీహెచ్ ఎంత చక్కగా దించినా సోడియం పోదు. అలాంటి నీటిని ఆర్‌ఓ చేయక తప్పదు.

ఇప్పుడు ఎరువు. 19:19:19 పొలంలో డ్రిప్‌కు, ఆకుల మీద పిచికారీకి మంచి సరుకు. హైడ్రోపోనిక్స్‌కు కాదు. అందులోని నత్రజనిలో సగానికి పైగా యూరియా రూపంలో ఉంటుంది. నేలలో ఉండే సూక్ష్మజీవులు యూరియాను విడగొట్టి మొక్కకు అందిస్తాయి. మీ గొట్టాల్లో నేల లేదు. కొంత యూరియా మొక్కకు అందకుండా తిరుగుతూ ఉంటుంది, కొంత నెమ్మదిగా విడిపోయి అమ్మోనియాగా మారి పీహెచ్‌ను పైకి తోస్తుంది, ఆ తర్వాత ఆ అమ్మోనియాన్ని వేర్లు తీసుకున్నప్పుడు కిందికి లాగుతుంది. ఏ రోజు ఏది జరుగుతుందో చెప్పలేం. పైగా యూరియా ఈసీ మీటరుకు (నీటిలో కరిగిన లవణాలు ఎంత ఉన్నాయో విద్యుత్ వాహకత ద్వారా చూపేది) కనిపించదు. కాల్షియం అందులో లేనే లేదు. ఇన్నాళ్లూ మీ మొక్కలు నిలబడ్డాయంటే బోరు నీటిలోని కాల్షియమే నిలబెట్టింది. ఆర్‌ఓకు మారి 19:19:19 కొనసాగిస్తే పది పదిహేను రోజుల్లో లెట్యూస్ లేత ఆకుల అంచులు మాడతాయి. నీరు మార్చినరోజే ఎరువూ మార్చాలి.

ఆర్‌ఓ కలిపిన 100 లీటర్లకు ఆకుకూరల కోసం ఇది ప్రయత్నించండి: కాల్షియం నైట్రేటు 60 గ్రాములు, పొటాషియం నైట్రేటు 40, మెగ్నీషియం సల్ఫేటు 30, 0:52:34 (మోనో పొటాషియం ఫాస్ఫేటు) సుమారు 8, 12:61:0 (మోనో అమ్మోనియం ఫాస్ఫేటు) ఐదు గ్రాములు. ఫాస్ఫారిక్ ఆమ్లంతో వచ్చే భాస్వరాన్ని లెక్కలో కలుపుకునే 0:52:34 తగ్గించాను. కాల్షియం నైట్రేటును విడిగా కరిగించి పోయాలి. చిక్కటి ద్రావణంగా ఉన్నప్పుడు అది సల్ఫేటుతోనో ఫాస్ఫేటుతోనో కలిస్తే పెరుగులా విరిగిపోతుంది. ముందు నీరు, తర్వాత ఒక్కొక్క ఎరువు, బాగా కలిపాక అరగంట ఆగి, చివరన పీహెచ్ చూడండి. ఎరువులే పీహెచ్‌ను కొంత దించుతాయి కాబట్టి ముందే ఆమ్లం మొత్తం పోసేస్తే ఎక్కువవుతుంది.

ఇందులో 12:61:0 ఎందుకంటే, దానిలోని నత్రజని అమ్మోనియం రూపంలో ఉంటుంది. మొక్క నైట్రేటు పీల్చినప్పుడు పీహెచ్ పెరుగుతుంది, అమ్మోనియం పీల్చినప్పుడు తగ్గుతుంది. మొత్తం నత్రజనిలో పది శాతం వరకు అమ్మోనియం ఉంటే మొక్కే మీ తరఫున పీహెచ్‌ను చూసుకుంటుంది. చేతితో ఆమ్లం వేయడం కంటే ఇది నాకు చాలా ఇష్టమైన పద్ధతి. ఎండాకాలంలో మాత్రం అమ్మోనియం తగ్గించండి, వేడి నీటిలో అది వేర్లకు భారం.

పసుపు తిరిగిన లేత ఆకుల సంగతి. దగ్గరగా చూడండి. ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం మాత్రమే పసుపైతే ఇనుము లోపం. ముదురు ఆకుల్లో ఇలా కనిపిస్తే మెగ్నీషియం, ఆకు మొత్తం వెలిసిపోయి కింది ఆకుల నుంచి మొదలైతే నత్రజని. మీ వర్ణన ఇనుముకే సరిపోతోంది. మీ నీటిలో ఇనుము లేక కాదు. షాపుల్లో అమ్మే చాలా సూక్ష్మపోషకాల పొడుల్లో ఇనుము ఈడీటీఏ అనే చిలేటు (ఇనుమును నీటిలో కరిగి ఉండేలా పట్టుకునే పదార్థం) రూపంలో ఉంటుంది. పీహెచ్ 6.5 చుట్టూ చేరేసరికి ఈడీటీఏ ఇనుమును వదిలేసి కాల్షియాన్ని పట్టుకుంటుంది. రోజూ రాత్రి మీ ట్యాంకు 7 దాటుతోంది కాబట్టి మీరు వేసిన ఇనుము తుప్పుగా మారి గొట్టాల అడుగున చేరుతోంది. కొన్ని చవక పొడుల్లో ఆ చిలేటు కూడా ఉండదు, వట్టి ఫెర్రస్ సల్ఫేటే. సంచి మీది వివరాలు చదవండి.

దానికి బదులు ఇనుము 6 శాతం ఉండే ఈడీడీహెచ్ఏ అనే మరో చిలేటు తీసుకోండి. పీహెచ్ 9 వరకు అది పట్టు వదలదు. ధర ఎక్కువే, కానీ 100 లీటర్లకు 3 గ్రాములు వేస్తే చాలు, దాదాపు 2 పీపీఎం ఇనుము వస్తుంది. నీరు ముదురు ఎరుపు రంగులోకి మారుతుంది, బీట్‌రూటు ఉడికించిన నీటిలా. భయపడకండి, అదే దాని రంగు. డీటీపీఏ ఇనుము దొరికితే అదీ ఫర్వాలేదు, పీహెచ్ 7 వరకు నిలుస్తుంది. ఇనుము ముదురు ఆకు నుంచి లేత ఆకుకు కదలదు. ఇప్పటికే పసుపైన ఆకు పూర్తిగా పచ్చబడుతుందని ఎదురుచూడకండి. వారంలోపు కొత్తగా విచ్చుకునే ఆకు రంగే మీకు ఫలితం చెబుతుంది.

రోజువారీ పనికి వస్తే, దయచేసి రోజుకు మూడుసార్లు పీహెచ్ సరిచేసే అలవాటు చేసుకోకండి. పొద్దున ఒకేసారి, ఒకే వేళకు చూడండి. 5.6కి 6.3కి మధ్య అది తిరగడం మంచిదే. ఒక్కో పోషకం ఒక్కో చోట తేలికగా అందుతుంది. పీహెచ్‌తోపాటు ఈసీ రాసుకోండి. పీహెచ్ నెమ్మదిగా పెరుగుతూ ఈసీ తగ్గుతుంటే మొక్కలు బాగా తింటున్నాయని అర్థం. ఈసీ కూడా పెరుగుతుంటే అవి నీరే తాగుతున్నాయి, ద్రావణం చిక్కబడింది, నీరు కలపండి. పీహెచ్ ఉన్నట్టుండి పడిపోయి నీరు వాసన వేస్తే వేరు కుళ్లు మొదలైందేమో గొట్టం తెరిచి చూడండి. మధ్యాహ్నం మూడింటికి ఎక్కువగా, తెల్లవారుజామున తక్కువగా వస్తుంటే ట్యాంకులో ఎక్కడో వెలుతురు పడి పాచి పెరుగుతోంది. పాచి పగలు కార్బన్ డయాక్సైడు పీల్చేస్తుంది. మూత సందులు కప్పితే అది పోతుంది, ఆమ్లంతో పోదు.

ఎండలకు రోజూ 8–10 లీటర్లు తగ్గుతాయి. తగ్గినంత బోరు నీరు నేరుగా పోస్తే మీరు తీసేసిన బైకార్బొనేటును మళ్లీ తెచ్చి పోసినట్టే. పైన పోసే నీరు కూడా అదే ఆర్‌ఓ మిశ్రమం కావాలి. ఒక డ్రమ్ములో ముందే కలిపి ఉంచుకోండి.

మీటరు గురించి కొంచెం కోపంగానే చెబుతాను. పీహెచ్ అడిగేవాళ్లలో సగంమంది మీటరును ఒక్కసారి కూడా సరిచూసి ఉండరు. పసుపు పెన్ను మీటరుతోపాటు దాన్ని సరిచూసుకోవడానికి రెండు పొట్లాలు వస్తాయి, ఒకటి 6.86, ఒకటి 4.01. ఒక్కోదాన్ని 250 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ నీటిలో కరిగించాలి. ముందు 6.86లో, తర్వాత 4.01లో సరిచేయాలి. మనం పనిచేసేది 5.8 దగ్గర కాబట్టి 9.18 పొట్లం అవసరం లేదు. నెలకు రెండుసార్లయినా చూడండి. గాజు బుడ్డిని ఎండనివ్వకండి, మామూలు నీటిలోనో డిస్టిల్డ్ నీటిలోనో నిల్వ పెట్టకండి. పొటాషియం క్లోరైడు నిల్వ ద్రావణం చవకగానే దొరుకుతుంది. ఎంత జాగ్రత్తగా చూసుకున్నా ఒకటి రెండేళ్లకు ఎలక్ట్రోడు అయిపోతుంది. లిట్మస్ కాగితం ఈ పనికి పనికిరాదు.

మీరు టొమాటో బకెట్లలో వేసిన రాళ్లేమిటో చెప్పలేదు. మామూలు గ్రానైటు కంకర అయితే ఫర్వాలేదు. తాండూరు బండ, కడప బండ ముక్కలైతే అవి సున్నపురాళ్లు, మెల్లగా కరుగుతూ పీహెచ్‌ను పైకి తోస్తూనే ఉంటాయి. ఒక ముక్క మీద పలచని ఆమ్లం రెండు చుక్కలు వేయండి, నురగ వస్తే తీసేయండి. సిమెంటు తొట్టె వాడేవాళ్లకూ ఇదే బాధ. కొబ్బరి పొట్టు వాడేవాళ్లు పైన పోసే నీటిలో కాక, కింద కారే నీటిలో పీహెచ్ కొలవాలి.

పంటలవారీగా పెద్దగా చెప్పేదేమీ లేదు. లెట్యూస్ 5.6–6.0 మధ్య హాయిగా ఉంటుంది. టొమాటో, క్యాప్సికం కాస్త పైన, 5.8–6.3 దగ్గర. కీరా, స్ట్రాబెర్రీ 5.5–6.0. పుదీనా, బేసిల్ 5.5–6.5లో ఎక్కడున్నా పెరుగుతాయి. పాలకూర విషయంలో మాత్రం జాగ్రత్త: విదేశీ పట్టికల్లో కనిపించే స్పినాచ్, మన పాలకూర ఒకటి కావు. మనది బీట్‌రూటు జాతిది, కాస్త మొండిది, 6.5 దగ్గర కూడా ఇబ్బంది పడదు. చేపలతో కలిపి పెంచే ఆక్వాపోనిక్స్ వారికి ఈ పట్టిక వర్తించదు. బ్యాక్టీరియా కోసం వాళ్లు 7కు దగ్గరగా ఉండాలి.

ఇంకొకటి. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకు నీరు చేతికి వెచ్చగా తగులుతుంటే పీహెచ్ ఎంత ఉన్నా లెట్యూస్ కోలుకోదు. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇముడుతుంది, 30 డిగ్రీల్లో 7.5 మాత్రమే. వేరుకు ఆక్సిజన్ అవసరమేమో వేడితో పెరుగుతుంది. గోధుమ రంగు వేర్లు, వాడిన ఆకులు చూసి చాలామంది పీహెచ్‌నే తిడతారు. ట్యాంకును నీడలోకి మార్చండి, తెల్ల రంగు వేయండి, తడి గోనె చుట్టండి. అప్పటికీ నీరు 28 దాటితే ఆ రెండు నెలలు లెట్యూస్ మానేసి తోటకూర, బచ్చలి వేసుకోవడం తెలివైన పని.

ఈ వారం మీరు చేయాల్సింది: ఇప్పుడున్న ట్యాంకు నీరు పూర్తిగా తీసేయండి, అందులో భాస్వరం, యూరియా పేరుకుని ఉన్నాయి. గొట్టాలు మామూలు నీటితో ఒకసారి తిప్పి కడగండి. ఆర్‌ఓ, బోరు నీరు కలిపి పై ఎరువులు, ఈడీడీహెచ్ఏ ఇనుము వేసి, ఇనుము లేని సూక్ష్మపోషకాలు దొరికితే అవి, లేకపోతే మీ దగ్గరున్న పొడే సగం మోతాదులో కలపండి. ఆమ్లాన్ని నీటిలో పోయండి, నీటిని ఆమ్లంలో పోయకండి. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు ఉండాలి, పక్కన ఒక బకెట్ మంచినీళ్లు పెట్టుకోండి. ఎక్కువ పడి 5 కంటే కిందికి పోతే వంట సోడా వేయకండి, సోడియం చేరుతుంది. రెండు లీటర్ల బోరు నీరు పోస్తే తిరిగి పైకి వస్తుంది, మీకు అది దండిగా ఉంది. బకెట్ పరీక్షలో రెండు మూడు రోజులకు కలిపి ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో, ల్యాబు రిపోర్టులో కాల్షియం, సోడియం ఎంత ఉన్నాయో రాయండి. ఆల్కలినిటీ 150 లోపే తేలితే ఆర్‌ఓ వాటా సగానికి తగ్గించి, కాల్షియం నైట్రేటు కూడా తగ్గించవచ్చు. ఆ అంకెలు చూశాక మోతాదు లెక్క కట్టి చెబుతాను.